గిన్నెలో బెల్లం ముక్క

ఆ రోజు ఎదురింటి కనకవల్లి గారి గిన్నెలో టీవీ రిమోటు బ్యాటరీలు రెండు వెళ్ళాయి. అంతకు ముందు వారం దువ్వెన. దానికి ముందు వెల్లుల్లిపాయ, అది కాస్త నయం. కనకవల్లి గారు మంచావిడ కాబట్టి సరిపోయింది. సాయంత్రం ఆ బ్యాటరీలు పట్టుకొచ్చి వకుళ చేతిలో పెట్టి, "పులుసు బావుందన్నారమ్మా మీ అమ్మగారు" అని, వాటి సంగతి ఎత్తకుండానే వెళ్ళిపోయారు.

వకుళ తల్లి సూరీడమ్మకి మరపు జబ్బు వచ్చి మూడేళ్ళు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. తన వయసు డెబ్భై ఒకటని చెబితే పకపకా నవ్వుతుంది. కూతుర్ని ఒక పూట గుర్తుపడుతుంది, ఇంకో పూట "నర్సమ్మా" అని పిలుస్తుంది. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదన్న సంగతి మాత్రం ఆ బుర్రలో ఎక్కడో మేకు కొట్టినట్టు ఉండిపోయింది. పంచదారో, బెల్లం ముక్కో, ఏదీ లేకపోతే చిటికెడు పసుపో వేసి పంపాలి. ఇప్పుడు బెల్లానికీ బ్యాటరీకీ తేడా తెలియడం లేదు, అంతే.

ఆ గిన్నె వకుళ చేతికి మాత్రం ఇవ్వదు. "నువ్వుండు. నానే ఇచ్చొత్తాను" అంటుంది. వకుళకి తొమ్మిదేళ్ళ వయసు నుంచీ ఇదే మాట. జూట్ మిల్లు లైన్లలో ఉన్నప్పుడూ ఇదే, విశాఖపట్నంలో ఈ అపార్టుమెంటుకి వచ్చాకా ఇదే. ఒక రోజు అలా గిన్నె పట్టుకుని బయల్దేరి, ఎదురింటికి బదులు లిఫ్టెక్కి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. ఆ మర్నాడే వకుళ వడ్రంగిని పిలిపించి తలుపుకి బయటివైపు గొళ్ళెం పెట్టించింది. అతను దాన్ని బిగించి సరిచూస్తున్నంత సేపూ ఆ చప్పుడు వినలేక వంటింట్లో కుళాయి తిప్పుకుని నిలబడింది.

*

వకుళ పనిచేసేది రుషికొండ అవతల, కిటికీలోంచి సముద్రం కనిపించే ఒక పరిశోధన సంస్థలో. పదకొండేళ్ళుగా ఒకటే యంత్రం. కాగితాల మీద దాని పేరు ఎంత పొడుగంటే డైరెక్టరు గారు కూడా చదివేటప్పుడు మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంటారు. ఆమె దగ్గర పనిచేసే నస్రీన్ దానికి 'తోడు' అని పేరు పెట్టింది. పాలలో తోడు వేసినట్టేగా మేడమ్, అంది. ఆ పేరే ఉండిపోయింది.

సూరీడమ్మను మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళిన రోజున, ఎదురెదురుగా రెండు మంచాలు, ఇద్దరి తలలకీ తీగలున్న టోపీలు. "పెళ్ళికూతుర్ని సేత్తున్నారేటి నన్ను?" అని నవ్వింది సూరీడమ్మ. వకుళ కళ్ళు మూసుకుని, నస్రీన్ చెప్పినట్టే, తల్లితో కలిసి గడిపిన ఒక రోజును మొదటి నుంచి చివరి దాకా తలుచుకుంది. జ్ఞాపకం తలుచుకున్నప్పుడల్లా కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది. కరిగి ఉన్న ఆ కొద్ది సేపట్లో, దాన్ని అవతలి తలలోకి పంపడానికి నస్రీన్ మీట నొక్కింది.

వకుళ లేచి కూర్చుంది. దేన్ని తలుచుకుందో గుర్తు రాలేదు. నాలిక చివరి దాకా వచ్చి ఆగిన మాట లాగా కూడా లేదు. అక్కడ ఏమీ లేదు. ముందే రాసిపెట్టుకున్న నోటుపుస్తకం తెరిచి చూసుకుంది. "పదో తరగతి ఫలితాల రోజు. అమ్మా నేనూ విజయనగరం వెళ్ళాం" అని తన దస్తూరీతోనే ఉంది. ఎవరి గురించో చదువుతున్నట్టు చదివింది.

అవతలి మంచం మీద నుంచి గొంతు వినిపించింది. "జిలేబీ అంతా నువ్వే తినీసి, బస్సులో వాంతి సేసుకున్నావు కాదేటే? నా కొత్త సీర మీద!"

మూడేళ్ళుగా వినని గొంతు అది. కళ్ళలో మనిషి ఉంది. సూరీడమ్మ చుట్టూ చూసింది, కూతురి నెరిసిన జుట్టు చూసింది. "ఓలమ్మో, ఇలగైపోయావేటే! నూనె ఎట్టుకోవేటి?" అంది. వకుళ ఆ మంచం పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పెరుగు తోడుకున్నట్టు, ఆ ఒక్క రోజు చుట్టూ సూరీడమ్మ మొత్తం పేరుకుంది. సరిగ్గా నలభై నిమిషాలు. ఆ తర్వాత కళ్ళు మళ్ళీ పలచబడ్డాయి. "నర్సమ్మా, దాహం" అంది.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు జరిగింది. వకుళ నోటుపుస్తకంలో 'ఇచ్చినవి' అన్న పేజీలో మూడు వరసలు చేరాయి. ఆ మూడు రోజులూ ఇక ఆమెవి కావు. అలా దొరికిన నలభై నిమిషాల్లో తల్లీ కూతుళ్ళు మాట్లాడుకున్నారు, మామూలుగా ఏ ఇంట్లోనూ మాట్లాడుకోనివి.

"అమ్మా, నువ్వు పోయాక ఏం చెయ్యాలో చెప్పు" అని అడిగింది వకుళ రెండోసారి. అడగడానికి పది నిమిషాలు పట్టింది.

సూరీడమ్మ ఏమాత్రం జంకలేదు. "నాకాడేటుంది? కమ్మలు ఎర్రయ్యమ్మ మనవరాలికియ్యి. మిల్లు లైన్లలో మన పక్కింటోలు కదా, ఆ గుంటకి ఇప్పటికీ బోసి సెవులే. సీరలన్నీ బొంతలు కుట్టించి పంచిపెట్టు. నన్ను మాత్రం మిల్లూరు తీసుకెల్లకు. ఆ కూత ఇనపడని కాడ ఎక్కడైనా సరే."

"మిల్లు మూసేసి పదిహేనేళ్ళైందమ్మా. కూత ఎక్కడిది?"

"నాకినపడతాది" అంది సూరీడమ్మ. వెంటనే మాట మార్చి, చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడెయ్యాలో చెప్పడం మొదలుపెట్టింది.

మూడోసారి అయ్యాక నస్రీన్ టోపీలు తుడుస్తూ, "మీరు అడగాల్సింది అడగడం లేదు మేడమ్" అంది. ఆ పిల్లకి ముప్పయ్యేళ్ళు కూడా లేవు గానీ ఏ మాటా లోపల దాచుకోదు. "పులుసూ కమ్మలూ అయ్యాయి. స్కానులు చూశారుగా. ఇంకొక్కసారి తోడుకుంటుంది. ఆ పైన ఎవరేం ఇచ్చినా పాలు పాలే."

*

అడగాల్సింది ఏమిటో మర్నాడు క్యాంటీనులో, అన్నం ప్లేటు ముందు పెట్టుకుని, వకుళ నస్రీన్‌కి చెప్పింది. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి ఒక మనిషికి చెప్పడం.

ఆమెకొక చెల్లెలు ఉండేది. తవిటమ్మ. మధ్యలో ఒక బిడ్డ పురిట్లోనే పోతే, ఈ పిల్లైనా దక్కాలని పుట్టగానే చేటెడు తవుడిచ్చి మంత్రసాని దగ్గర కొన్నారు. తవుడికి కొన్న పిల్లంటే యముడికి కూడా లోకువే, తీసుకుపోడు అని వాళ్ళ వైపు నమ్మకం. తవిటమ్మ కడుపులో ఉండగానే తండ్రి క్షయతో పోయాడు. సూరీడమ్మ మిల్లులో రాత్రి పాళీ చేసి, పొద్దున్నే వచ్చి వండిపెట్టి, పగలు పడుకునేది. ఆ పడుకున్నంత సేపూ నాలుగేళ్ళ చెల్లెల్ని చూసుకోవడం తొమ్మిదేళ్ళ వకుళ పని.

"ఆ రోజు పక్కింటి ఎర్రయ్యమ్మత్త గిన్నె ఇచ్చి రావాలి. ఖాళీ గిన్నె. ఖాళీగా ఇవ్వకూడదు కదా. ఇంట్లో బెల్లం లేదు. లైను చివర కొట్టుకి వెళ్ళి బెల్లం ముక్క కొని, గిన్నెలో వేసుకుని వద్దామనుకున్నాను. తలుపు దగ్గరికి వేశాను. గొళ్ళెం పెట్టలేదు." వకుళ అన్నం కలుపుతూనే ఉంది, తినడం లేదు. "మా లైన్ల వెనక రైతులు నార కోసం గోగు కట్టలు నానబెట్టే మడుగు ఉండేది. నేను వచ్చేసరికి తలుపు తీసి ఉంది. జనం మడుగు వైపు పరిగెడుతున్నారు. నా చేతిలో గిన్నె. గిన్నెలో బెల్లం ముక్క."

నస్రీన్ తన ప్లేటు పక్కకి జరిపింది. 

"అమ్మ నన్ను కొట్టలేదు. తిట్టలేదు. ఎందుకు గొళ్ళెం పెట్టలేదే అని ఒక్క మాట అడగలేదు. మళ్ళీ ఎప్పుడూ గిన్నె నా చేతికిచ్చి పంపలేదు. అంతే. కొట్టి ఉంటే బావుండేది నస్రీన్. నేను పెళ్ళి చేసుకోకపోతే ఎందుకనలేదు. పిల్లలు వద్దంటే ఎందుకనలేదు. తెలుసు కాబట్టి అడగలేదని నేననుకున్నాను. నా మీద కోపం ఉందా అని ఒక్కసారి అడగాలి. ఉంటే ఉందని వినాలి."

"అడగాలంటే ఆమెకా రోజు గుర్తు రావాలి" అంది నస్రీన్ మెల్లగా. "అంటే మీరా రోజు ఇచ్చెయ్యాలి. ఇచ్చేస్తే మీకు అడిగేది ఏమిటో తెలియదు."

"కాగితం మీద రాసుకుంటాను" అంది వకుళ.

ఆ ఆదివారం ఆమె తల్లికి తలంటి పోసింది. కుంకుడు పులుసు కళ్ళలో పడిందని సూరీడమ్మ చిన్నపిల్లలా గోల పెట్టింది. సాంబ్రాణి పొగ వేస్తుంటే మత్తుగా కళ్ళు మూసుకుని, "నువ్వు మంచిదానివమ్మా, నీకు పిల్లలెందరు?" అని అడిగింది. లేరంటే, అయ్యో అని నాలిక చప్పరించింది. వకుళ ఆ తడి జుట్టు వేళ్ళతో విడదీస్తూ చెల్లెలి ముఖం తలుచుకుంది. అది చివరిసారి. రేపటి నుంచి ఆ రోజు తనకి ఉండదు. మోయలేక ముప్పై రెండేళ్ళు మోసింది, తీరా దింపే వేళకి ప్రాణం ఒప్పుకోవడం లేదు. ఆ బరువులోనే ఆ పిల్ల కూడా ఉంది మరి.

*

సోమవారం పదకొండు గంటలకి నస్రీన్ మీట నొక్కింది.

వకుళ లేచింది. ఎప్పటిలాగే ఏమీ తోచలేదు, క్యాంటీనులో నస్రీన్‌కి చెప్పింది కూడా. చేతిలో మడిచిన కాగితం ఉంది. తనకి చెల్లెలు ఉండేదని తెలుసు, చిన్నప్పుడే పోయిందని తెలుసు. ఎలా పోయింది? జ్వరమేమో. ఎప్పుడూ అడిగినట్టు లేదు. ఎదురు మంచం మీద తల్లి లేచి కూర్చుని ఉంది. జిలేబీ నాడు నవ్వినట్టు నవ్వడం లేదు. రెండు చేతులతో మంచం పట్టెని గట్టిగా పట్టుకుని, కిటికీ వైపు చూస్తోంది.

"అమ్మా" అంది వకుళ. 

"ఎందుకిచ్చావే ఇది నాకు?" అంది సూరీడమ్మ.

వకుళ కాగితం విప్పింది. తన అక్షరాలే. గట్టిగా చదివింది. "అమ్మా, ఆ రోజు తలుపు గొళ్ళెం నేను పెట్టలేదు. అందుకే తవిటి పోయింది. నా మీద నీకు కోపం ఉందా?" చదివి, తలెత్తి, "ఏ తలుపమ్మా?" అంది.

గోడ మీది గడియారం కదులుతోంది. నస్రీన్ దాన్ని చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

"పెట్టేవే" అంది సూరీడమ్మ చివరికి. "గొళ్ళెం నువ్వెట్టేవు. నువ్విచ్చిందాంట్లో ఎట్టనట్టుంది. అది నిజం కాదు. ఊరోలంతా గుంట మర్సిపోయింది, గుంట మర్సిపోయింది అంటే నువ్వూ అలగే అనీసుకున్నావు. నాకు తెలుసు ఎట్టేవని. సప్పుడు నానిన్నాను."

వకుళకి అర్థమవుతున్నది సగమే. చేతిలో కాగితం ఇంకోసారి చదువుకుంది. 

"నీకు నిద్రలోనే సెప్పేను, కాళీగా ఇవ్వకే, బెల్లం ముక్క కొని ఏసి ఇయ్యి అని. నువ్వు గొళ్ళెం ఎట్టీసి ఎల్లేవు. అది నా పక్కలో కూకుని అప్ప కావాల, అప్ప కావాల అని ఒకటే రాగం. తన అప్పవని నువ్వంటే పడి సచ్చేది కదా. నాకు కళ్ళు తెరుసుకోవట్లేదు. రాత్రంతా బాబిన్లు మార్సి మార్సి ఒళ్ళు పులిసిపోయుంది. లేసేను. తలుపు సందులోంచి రెండు వేళ్ళు ఎట్టి గొళ్ళెం ఎత్తేను. అప్పకాడికెల్లవే అన్నాను. ఎల్లింది. నాను తొంగున్నాను." సూరీడమ్మ తన కుడి చేతి రెండు వేళ్ళు చూసుకుంది. "హాయిగా నిద్రట్టిందే వకులా. అంత మంచి నిద్ర మళ్ళీ పట్టలేదు."

నస్రీన్ వెనక్కి తిరిగి నిలబడింది.

"జనం నిన్నంటున్నారు. నాను సెప్పొచ్చు. సెప్పలేదు. ఇయాల సెప్తాను, రేపు సెప్తాను, నువ్వు పెద్దదానివైనాక సెప్తాను అనుకున్నాను. నీకేసి సూత్తే నిజం సెప్పీయాలి, అందుకే సూడలేదు. నీకు కోపంలా అగుపడిందా అది? బయమే. ఉత్త బయం." రెండు చేతులూ చాచింది. "నన్ను క్షమించీయవా?"

ఆ మాట కోసం ఎవరైనా ఏమైనా చేస్తారు. వకుళ వెంటనే లేచి ఆ చేతులు పట్టుకుని, "క్షమించానమ్మా, ఎప్పుడో క్షమించాను" అంది.

సూరీడమ్మ కూతురి ముఖంలోకి చూసింది. ముప్పై రెండేళ్ళు చూడని చూపు అది. చూసి, తల అడ్డంగా ఊపింది. "నోటి మాట. నీకా రోజే లేదు కదే. ఏటి క్షమించేవో నీకు తెల్దు."

నిజమే. వకుళకి జాలి కలుగుతోంది, ఏడుపు వస్తోంది, కానీ క్షమించాలంటే గాయం ఉండాలి కదా. ఆ గాయం ఇందాకే తీగలోంచి వెళ్ళిపోయింది. ఎవరో ముసలామె ఎవరో పిల్ల కథ చెబుతుంటే విన్నట్టుంది. తన తెలివి మీద, తన యంత్రం మీద, పదకొండేళ్ళ చదువు మీద ఆమెకి అసహ్యం వేసింది.

"నస్రీనమ్మా" అని పిలిచింది సూరీడమ్మ. "ఈ తీగ ఇటు నుంచి అటు ఎల్తాదేటి?"

నస్రీన్ వకుళ వైపు చూసింది. వెళ్తుంది. సరిచూసుకోవడానికి రెండు వైపులా పెట్టారు. కానీ అనుమతి లేదు, ఎవరి మీదా చెయ్యలేదు. "వద్దు మేడమ్" అంది. "ఇలా వదిలేస్తే ఇంకో పావుగంటలో మెల్లగా పలచబడుతుంది. అటు నుంచి తీస్తే, మొక్క పీకినట్టు వేళ్ళతో సహా వస్తుంది. ఆ రోజుకి అంటుకుని ఏమేం ఉన్నాయో మనకి తెలియదు. మీరు కూడా దానికే అంటుకుని ఉంటే?"

"ఇంకో పావుగంటకి ఎలాగూ పోతాది కదమ్మా" అంది సూరీడమ్మ. బజారులో బేరమాడుతున్నంత మామూలుగా. "పిల్ల నాకింత ఇచ్చింది. నానెప్పుడైనా ఒకరి గిన్నె కాళీగా పంపీనా?"

వకుళ ఆలోచించింది. ఆలోచించడానికి ఉన్నది పదమూడు నిమిషాలు. క్షమించడం సంగతి అలా ఉంచితే, తవిటమ్మ బతికిన చివరి పూట ఇప్పుడు ఈ లోకంలో ఒక్కచోటే ఉంది, ఈ తలలో. పావుగంటలో అది కూడా ఆరిపోతే, తవుడిచ్చి కొనుక్కున్న ఆ పిల్ల అప్ప కావాలని ఏడ్చిన సంగతి తెలిసిన ప్రాణి ఉండదు. కమ్మలూ చీరలూ ఎవరికైనా ఇవ్వచ్చు. ఇది తను తప్ప పుచ్చుకునేవాళ్ళు లేరు.

అమ్మకి తను గుర్తుండదేమో. అది కూడా ఆలోచించింది.

"తిప్పు నస్రీన్" అంది.

సూరీడమ్మ పడుకునే ముందు కూతురి జుట్టు చెవి వెనక్కి తోసింది. "నూనె ఎట్టుకో" అంది.

*

ముందు ఒళ్ళు నొప్పులు వచ్చాయి. పిక్కలు, నడుము, వేళ్ళ కణుపులు. ముక్కులో నార ధూళి. చాప మీద బుగ్గ ఆనించి ఉంది. పక్కన మట్టిగాజుల చప్పుడు. చిన్న చెయ్యి జబ్బ మీద కొడుతోంది. అప్ప కావాల. లేచింది. రేకు కప్పు కింద ఉక్క. తలుపు సందులోకి రెండు వేళ్ళు దూర్చింది. గొళ్ళెం చల్లగా, బరువుగా తగిలి పైకి లేచింది. వెలుతురు కళ్ళలో పొడిచింది. ఆ వెలుతురులోకి ఒక కాలికే చెప్పున్న పిల్ల దిగింది. వెనక్కి తిరిగి చూసి నవ్వింది, ముందు పళ్ళ మధ్య సందుతో. తలుపు వదిలేసి చాప మీద వాలింది. నిద్ర. ఎంత తియ్యటి నిద్ర.

ఆ తర్వాత అరుపులు. తడి గౌను. గోగు కుళ్ళు వాసన. 

గుమ్మంలో తొమ్మిదేళ్ళ పిల్ల నిలబడి ఉంది. రెండు చేతులతో గిన్నె పట్టుకుని ఉంది. గిన్నెలో బెల్లం ముక్క చుట్టూ అప్పుడే చీమలు. పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. పరిగెత్తుకెళ్ళి దాన్ని గుండెకి హత్తుకోవాలి. నువ్వు కాదే, నేను అని చెప్పాలి. నోరు లేవలేదు. ఆ పిల్ల మీద పొంగుకొచ్చిన ప్రేమకి ఊపిరాడలేదు, దాని వెనకే వచ్చిన సిగ్గు ఆ ప్రేమ గొంతు నొక్కేసింది. తల తిప్పుకుంది.

వకుళ కళ్ళు తెరిచింది. అరుస్తూ లేచిందో, లేచి అరిచిందో ఆమెకి తెలియదు. టోపీ లాగి పారేసి తల్లి మంచం దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడు ఆ రోజు తనది. ఇప్పుడు గాయం ఉంది, ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలదు. తనని ముప్పై రెండేళ్ళు ఒంటరిగా వదిలేసిన మనిషి మీద కోపం నిలువునా లేచింది. ఆ మనిషి నిద్రా, ఆ మనిషి నొప్పులూ తన ఒంట్లోనే ఉండగా ఆ కోపం ఎంత సేపు నిలుస్తుంది? నిలవలేదు. మనసారా, తెలిసి తెలిసి, క్షమించింది.

"అమ్మా, నాకు కోపం లేదమ్మా. నువ్వు అలిసిపోయి ఉన్నావు. నేను క్షమించాను. నిజంగా."

సూరీడమ్మ కళ్ళు విప్పి చూసింది. ఎంతో మర్యాదగా నవ్వింది.

"దేనికమ్మా?" అంది. "నానేటి సేసినాను? ఎవులమ్మా నువ్వు?"

నస్రీన్ గడియారం చూసింది. ఇంకా మూడు నిమిషాలు ఉండాల్సింది.

*

ఆ తర్వాత సూరీడమ్మ కూతుర్ని ఏ పూటా గుర్తుపట్టలేదు. నర్సమ్మా అని కూడా అనలేదు, "ఏమండీ" అనేది. ఒక మంచి మాత్రం జరిగింది. పగలు పడుకునేది. భోజనం కాగానే చాప మీద ఒత్తిగిల్లి, నోరు కొద్దిగా తెరిచి, చిన్న గురకతో గాఢంగా నిద్రపోయేది. మిల్లు కూత మాట మళ్ళీ ఎత్తలేదు.

నిద్ర పట్టనిది వకుళకి. సంస్థకి వెళ్ళి తోడుకి అనుమతి కోరిన కాగితాలన్నీ వెనక్కి తీసుకుంది. డైరెక్టరు గారు కారణం రాసిమ్మన్నారు. ఆమె పెన్ను పట్టుకుంటే కుడి చేతి రెండు వేళ్ళకి ఇనుము చల్లగా తగిలింది. అది తను చెయ్యలేదని ఆమెకి తెలుసు. తెలిసినా వేళ్ళకి తెలియదు. తల్లిని క్షమించడం అయిపోయింది, ఇప్పుడు ఆ గొళ్ళెం ఎత్తిన చెయ్యి తన దగ్గరుంది. దాన్ని క్షమించేవాళ్ళు లేరు. కాగితం ఖాళీగానే ఇచ్చి వచ్చేసింది.

ఆ శుక్రవారం కనకవల్లి గారు గిన్నెడు పాయసం పంపారు. సూరీడమ్మ ఇష్టంగా తింది. గిన్నె కడిగి, కొంగుతో తుడిచి, హాల్లోకి వచ్చి వకుళ ముందు నిలబడింది.

"ఏమండీ, ఇది ఎవులిదో, కాస్త ఇచ్చీసి రండి" అని గిన్నె చాచింది.

వకుళ రెండు చేతులతో అందుకుంది. ముప్పై రెండేళ్ళ తర్వాత తల్లి తన చేతికి గిన్నె ఇచ్చింది. లోపలికి చూసింది. దువ్వెన లేదు, బ్యాటరీ లేదు, వెల్లుల్లి రెబ్బ కూడా లేదు. తుడిచిన అడుగు తళతళా మెరుస్తోంది. ఖాళీ గిన్నె పంపకూడదన్న ఆ మేకు కూడా ఆ రోజు వేళ్ళతో పాటే వచ్చేసింది.

సూరీడమ్మ అప్పటికే చాప పరుచుకుని గోడ వైపు తిరిగింది. వకుళ అక్కడే నిలబడి ఉంది. లోపల ఎక్కడో, నిద్ర బరువుతో ముద్దగా, ఒక గొంతు పలికింది. కాళీగా ఇవ్వకే. ఇప్పుడా మాట అన్నదీ తనే, విన్నదీ తనే. వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి గిన్నెలో వేసింది. బయటికి వచ్చి తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని, ఎదురింటి తలుపు తట్టింది.